పెయ్యదూడ నాకిన పిల్ల

నేను నిజం చెబితే నమ్మేవాళ్ళు మా చెల్లెలి అత్తవారింట్లో ఒక్కరూ లేరు. తప్పు వాళ్ళది కాదు. నౌపడ ఉప్పు మడుల్లో స్నానం చేసిన కాకి తెల్లబడి లేచిందనీ, దాన్ని చూసి కొంగలు పెళ్ళిసంబంధం మాట్లాడ్డానికి వచ్చాయనీ ఆ ఇంటి అరుగు మీద కూర్చుని చెప్పినవాణ్ణి నేనే. భావనపాడులో వలకి చిక్కిన చేప ఒకటి, తనని ఎండబెట్టబోయే మనిషిని ఎగాదిగా చూసి, నచ్చక మళ్ళీ సముద్రంలోకి దూకేసిందని ఒట్టేసి చెప్పినవాణ్ణీ నేనే. నలభై ఏడేళ్ళవాణ్ణి. ఉప్పు మడుల ఆఫీసులో గుమాస్తాని. పొద్దున్నుంచీ ఒకటే తెలుపు చూసే ఉద్యోగం. సాయంత్రానికి నోటికి కాస్త రంగు కావాలి కదా.

అందుకే రెండేళ్ళ కిందట, వేసవి ముందు, నేను ఒకే ఒక్క నిజం చెబితే అది ఎవరి చెవికీ ఎక్కలేదు. ఆ నిజం ఏమిటంటే, మా మేనకోడలిని దూడ నాకుతోంది. మామూలుగా కాదు, వదలకుండా.

పిల్లకి అప్పుడు ఏడేళ్ళు. ఊరు ఉద్దానంలో. పలాసలో బస్సెక్కి, దిగాక కొబ్బరితోటల మధ్య ఇసకబాటలో అరగంట నడిస్తే వస్తుంది. మా చెల్లెల్ని పరాయివాళ్ళకి ఇవ్వలేదు, మా మేనత్త కొడుక్కే ఇచ్చాం. కాబట్టి ఆ ఇంటి పెద్దావిడ నాకు అత్త, ఇంటాయన నాకు బావ. వాళ్ళకి మొదట పుట్టిన మగబిడ్డ అయిదో నెలలో దగ్గుతోనే పోయాడు. తరవాత చాన్నాళ్ళకి ఈ పిల్ల. ఈ పిల్లకీ దగ్గే.

ఇసకలో బండిచక్రం దిగబడితే ఎడ్లు లాగడం చూశారా? లాగుతాయి, కాస్త కదులుతుంది, మళ్ళీ అక్కడే దిగబడుతుంది. ఆ దగ్గు అలా ఉండేది. లోపల ఏదో కదిలినట్టే ఉంటుంది, బయటికి రాదు. వచ్చిన రోజు బంకలా, పసుపుపచ్చగా వచ్చేది. ఆ ఏడు చలికాలం నుంచి అందులో నూతిగట్టు నాచు రంగు కూడా కనిపించడం మొదలైంది. వానాకాలానికోసారి, చలికాలానికోసారి జ్వరం, నెమ్ము, ఎగరొప్పు. తగ్గిందనుకుని ఊపిరి పీల్చుకునేలోపల మళ్ళీ.

తిండికి లోటు లేదు. ఇద్దరు కూలీలు తినే అన్నం ఒక్కతే తినేది. ఒంటికి పట్టేది కాదు. పొట్ట ముందుకి, చేతులు పుల్లల్లా. వేళ్ళ చివర్లు మాత్రం డప్పు వాయించే పుల్ల మొనలా గుండ్రంగా ఉబ్బి ఉండేవి. పిల్ల పెరట్లోకి వెళ్ళి వస్తే మా అత్త ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని, "ఈ గుంట తిన్న నూనంతా అలగే ఎల్లిపోతంది. ఏటి పేగులో ఏటో!" అనేది. అందులో ఎంత వైద్యం ఉందో అప్పుడు మాకెవరికీ తెలీదు.

నేను అసలే ఒకచోట కుదురుగా కూర్చోలేని మనిషిని. ఆదివారం ఆదివారం టెక్కలి నుంచి వాళ్ళింటికి వెళ్ళేవాణ్ణి. వెళ్ళినంతసేపూ నా చెవి ఆ దగ్గుకి కట్టేసినట్టుండేది. దగ్గితే భయం. రెండు దగ్గులకి మధ్య ఎడం ఎక్కువైతే ఇంకా భయం. అరుగు మీంచి లేచి పెరట్లోకి, పెరట్లోంచి తోటలోకి, తోటలోంచి మళ్ళీ అరుగు మీదకి తిరుగుతూనే ఉండేవాణ్ణి. "కాల్లో సెక్రం ఉన్నాదేటి బావా నీకు? కూకో!" అనేవాడు మా బావ. తను మాత్రం ఎందుకైనా మంచిదని పిల్ల మంచానికి దూరంగా, తోటలోనే ఉండేవాడు.

టెక్కలి డాక్టరుగారు మంచాయన. పిల్లల్లో వచ్చే క్షయ అయ్యుండొచ్చని సూదులు మొదలుపెట్టారు. కారం తగ్గించమన్నారు. అంతే అన్నారు. దానికి మా అత్త ఉప్పు కూడా చేర్చింది.

మా వైపు జబ్బంటే పథ్యం, పథ్యమంటే చప్పిడి. ఉప్పు లేని పప్పు, ఉప్పు లేని చారు. ఇందులో అత్తకి ఇంకో కారణం కూడా దొరికింది.

"గుంట ఒళ్ళంతా ఉప్పేరా. ముద్దెడితే మూతి కడుక్కోవాల. ఒంట్లో ఉప్పు ఎక్కువైపోయి పైకి పొంగతంది. ఆ ఉప్పే కఫం కడతంది. అదంతా నీవల్లే."

"నేనేటి సేసినానత్తా?"

"ఆ నౌపడ గాలంతా సొక్కాలో మూటకట్టుకొని వత్తావు, పిల్లని ఎత్తుకుంటావు. ఇక్కడ సముద్రం గాలి సాలదనేటి?"

ఆ మాట కాదనడానికి లేదు. మా తీరంలో ఉప్పగా ఉండనిది ఏది? చూరు వాసం ఉప్పగా ఉంటుంది, తలుపు గొళ్ళెం తుప్పు పట్టి ఉప్పగా ఉంటుంది, నూతి నీళ్ళు ఒక్కో ఏడు ఉప్పగా మారతాయి. ఆ గాలిలో పెరిగిన పిల్ల ఉప్పగా ఉంటే ఎవరికి అనుమానం వస్తుంది? ఇంకో ఊళ్ళో పుట్టి ఉంటే ఎవరో ఒకరు ఆశ్చర్యపోయేవాళ్ళు. మేం ఆశ్చర్యపోలేదు. పైగా శనివారం శనివారం గుప్పెడు గల్లుప్పు పిల్ల తల చుట్టూ మూడుసార్లు తిప్పి పొయ్యిలో వేసేది మా అత్త. అది చిటపటమంటే, "సూడు, ఎంత దిట్టి తగిలిందో!" అనేది. తల చుట్టూ తిరగొచ్చు గాని ఆ ఉప్పు నోట్లోకి పోకూడదు.

ఇక దూడ సంగతి. ఇంటి వెనక పశువుల సాలలో నాలుగైదు నెలల పెయ్య ఉండేది. పిల్ల చప్పిడి కూడు సగం దాని ముందు పెట్టి పక్కన కూర్చునేది. పెయ్య కూడు వదిలేసి పిల్ల మోచేతులు నాకేది, మెడ నాకేది, చెవి వెనక నాకేది. చక్కిలిగిలికి నవ్వి, నవ్వితే దగ్గొచ్చి, దగ్గుతూనే నవ్వేది పిల్ల. నాకు అనుమానమొచ్చింది. ఆ పొద్దున్నే మడుల్లో తిరిగి, చెయ్యి కడుక్కోకుండా బస్సెక్కినవాణ్ణి. నా చెయ్యి పెయ్య మూతికి అందించాను. వాసన చూసింది, ఒక్కసారి నాకింది, మొహం తిప్పి మళ్ళీ పిల్ల దగ్గరికే పోయింది.

ఇరవై ఏళ్ళు ఉప్పు మడుల్లో ఉన్న నాకంటే ఈ పిల్ల ఎక్కువ ఉప్పా?

వంటింట్లోకి పరిగెత్తి మా చెల్లెలికి చెప్పాను. తను గరిటె కింద పెట్టి చేతులు జోడించింది.

"అన్నియ్యా, నీకు దండం ఎడతాను. దేని మీదైనా కతలు కట్టు. నా పిల్ల జబ్బు మీద కట్టకు."

సరే, డాక్టరుగారికే చెబుదామని టెక్కలిలో ఆయన గది ముందు కూర్చున్నాను. అక్కడ నా పాపం ముందే పండి ఉంది. అంతకు ముందు నెల, ఆయన పిల్ల దగ్గు ఎలా ఉందని అడిగితే, "దగ్గితే తోటలో కాయలు రాలతన్నాయండీ, దింపేవాణ్ణి పిలవడం మానేశారు" అని వేళాకోళమాడి వచ్చాను. ఇప్పుడు దూడ అనగానే ఆయన కళ్ళజోడు తీసి నవ్వారు.

"ఆవుదూడేనా గుమాస్తాగారూ? ఏనుగుపిల్ల కాదు కదా?"

నేనూ నవ్వాను. అదీ నా బుద్ధి! ఎదుటివాళ్ళు నవ్వితే నాకు నవ్వకుండా ఉండడం చేతకాదు. బయటికొచ్చాక ఆ నవ్వు నోట్లో పుల్లగా మిగిలింది.

అప్పుడు ఒక దొంగపని మొదలుపెట్టాను. ఆదివారం వెళ్ళేటప్పుడు చొక్కా జేబులో గల్లుప్పు పొట్లం, సంచిలో పచ్చి మామిడికాయలు. జీడితోటలోకి తీసుకెళ్ళి పిల్లకి పెట్టేవాణ్ణి. కాయ సంగతి తరవాత, ముందు ఉప్పు నాకేసేది. అరచేతిలో గీతలు కూడా నాకేసేది.

"మావా, ఇంకొంచెం."

"మీ నాన్నమ్మకి సెప్పవు కదా?"

"సెప్పను. నానే తిన్నానా ఏటి? నువ్వే తిన్నావు, నాను సూసినాను."

అబద్ధాలాడటంలో నా పోలికే. నేనేదో వైద్యం చేస్తున్నానని కాదు. మా అత్తని మోసం చెయ్యడం నాకు సరదా, అంతే.

చైత్రం దాటి వైశాఖం వచ్చింది. మడుల్లో ఉప్పు తీసే కాలం. ఆ రోజుల్లో మా ఆఫీసులో ఆదివారమన్నది ఉండదు. మూడు వారాలు నేను ఉద్దానం వెళ్ళలేదు. అంటే మూడు వారాలు ఆ పిల్ల నోట్లో ఉప్పుగల్లు పడలేదు. ఈ లెక్క అప్పుడు నాకు తట్టలేదు. తరవాత తట్టి, ఇప్పటికీ వదల్లేదు.

నాలుగో ఆదివారం మిట్టమధ్యాహ్నం వెళ్ళాను. ఇంట్లో ఎవరూ లేరు. జీడిపిక్కలు ఏరడానికి అందరూ తోటలో ఉన్నారు. దగ్గు వినిపిస్తుందేమోనని నిలబడి చూశాను. వినిపించలేదు. నడక పరుగైంది.

పిల్ల జీడిచెట్టు నీడలో గోనెసంచి మీద పడుకుని ఉంది. కళ్ళు సగం తెరిచి ఉన్నాయి. చెల్లెలు పిలుస్తోంది, పిల్ల పలకడం లేదు. పెదాలు ఎండిపోయాయి, కాళ్ళు చల్లగా ఉన్నాయి. మా బావ చేతిలో పండ్ల గంప అలాగే పట్టుకుని నిలబడిపోయాడు. మా అత్త విసనకర్రతో విసురుతూ, "ఎండ దెబ్బ, ఎండ దెబ్బ" అంటోంది.

నేను వంగి నుదుటి మీద చెయ్యి వేశాను. వెంట్రుకల అంచున తెల్లగా పొడి ఉంది. అందరూ దుమ్మనుకున్నారు. నేను అనుకోలేదు. మడిలో నీరు ఇగిరిపోతున్నప్పుడు ముందుగా గట్టు వెంట సన్నగా ఒక తెల్లటి అంచు కడుతుంది. ఇరవై ఏళ్ళుగా రోజూ చూసేది అదే. వేలితో తీసి నాలిక మీద పెట్టుకున్నాను. ఉప్పు. గాలి తెచ్చిన ఉప్పైతే నా నుదుటి మీద ఎందుకు లేదు? పక్కనే ఎండలో పనిచేస్తున్న నా చెల్లెలి నుదుటి మీద ఎందుకు లేదు?

"దీని ఒంట్లో ఉప్పు ఎక్కువైపోలేదు. కారిపోతంది! లోపలేటీ మిగల్లేదు!" అని అరిచాను. ఉప్పు తయారుచేసేవాడికి తెలిసిన సంగతి అది, వైద్యం కాదు. మడిలోంచి బయటికొచ్చినంతా లోపల తరుగే.

జేబులో పొట్లం తీశాను. బావ చేత కొబ్బరిబొండాం కొట్టించి నీళ్ళలో ఉప్పు కలిపాను. మా అత్త నా చెయ్యి పట్టుకుంది.

"పత్యం సెడిపోతాదిరా!"

"పిల్లే సెడిపోతంది అత్తా!"

ఎవరి మాట వినాలో తెలియక మా చెల్లెలు ఆవిడ మొహమూ నా మొహమూ చూసింది. ఒకరు ఇంటిపెద్ద. ఇంకొకరు తెల్లకాకికి పెళ్ళి చేసినవాడు. ఒక్క క్షణం చూసి, బొండాం నా చేతిలోంచి లాక్కుని, చెంగు తడిపి చుక్క చుక్కగా పిల్ల నోట్లో పిండింది. కాస్సేపటికి పిల్ల చెంగు చివర చప్పరించడం మొదలుపెట్టింది. ఆగలేదు. ఆ బొండాం అయిపోయేలోపల బస్సు రోడ్డుదాకా బండి కట్టించాం.

టెక్కలిలో డాక్టరుగారు చెయ్యి పట్టుకు చూసి, సెలైను సీసా వేలాడదీశారు. సగం సీసా ఎక్కేసరికి పిల్ల కళ్ళు తెరిచి, "మావా, మామిడికాయ తెచ్చినావా?" అంది. డాక్టరుగారు ఆ సీసాని చూశారు, పిల్లని చూశారు. సెలైనంటే ఉప్పునీళ్ళే. గదిలో రెండుసార్లు ఇటూ అటూ నడిచి నా ముందు ఆగారు.

"ఆ దూడ సంగతి మళ్ళీ చెప్పండి. ఈసారి కథ వద్దు."

చెప్పాను. పెయ్య నాలిక పిల్ల మెడకి అంటుకుపోతే ముగ్గురం పట్టి లాగామని చెప్పాలని నా నోరు ఎంత దురద పెట్టిందో దేవుడికే తెలుసు. ఆపుకున్నాను. దూడ నాకింది, నా చెయ్యి వద్దంది, పిల్ల దగ్గరికే పోయింది. అంతే. నా జన్మలో అంత పొట్టి కథ చెప్పలేదు.

ఆయన నవ్వలేదు. వాల్తేరులో విదేశాల్లో చదివొచ్చిన పిల్లల డాక్టరమ్మ ఉన్నారని చెప్పి, కాగితం తీసి ఉత్తరం రాశారు. దూడ గురించి కూడా రాశారు. నేను భుజం మీంచి వంగి చూశాను.

పిల్ల కాస్త తేరుకున్నాక నేనూ చెల్లెలూ దాన్ని తీసుకుని వాల్తేరు రైలెక్కడానికి పలాస వెళ్ళాం. స్టేషన్లో కూడా నాకు కాలు నిలవలేదు. ప్లాట్‌ఫారం ఈ చివరి నుంచి ఆ చివరికి తిరుగుతుంటే కానిస్టేబుల్ ఆపాడు. ఆ రోజుల్లో కొండల్లో గొడవల మూలాన మా వైపు పోలీసు సోదాలు ఎక్కువ. జేబులో పొట్లం దొరికింది.

"ఏటిది?"

"ఉప్పండి."

వేలితో అద్దుకుని నాకి చూశాడు. "ఉప్పు జేబులో ఎట్టుకొని తిరగతావేటి?"

దీనికి జవాబుగా నా నాలిక చివర మూడు కథలు నిలబడ్డాయి. మా చెల్లెలు మోచేతి మీద గిల్లింది. "పిల్లకి మందండి" అన్నాను. వాడు బెంచీ మీద వంగి దగ్గుతున్న పిల్లని చూసి పొట్లం తిరిగి ఇచ్చేశాడు.

రైల్లో చెల్లెలు ఒకటే మాట. "అక్కడ నువ్వు నోరిప్పకు. నీకు పుణ్యముంటాది."

డాక్టరమ్మకి నా వయసే ఉంటుంది. ఉత్తరం చదివింది. పిల్ల వేళ్ళ చివర్లు చూసింది. వీపు మీద గొట్టం పెట్టి చాలాసేపు వింది. తరవాత ఏ డాక్టరూ చెయ్యని పని చేసింది. పిల్ల నుదుటి మీద ముద్దు పెట్టుకుని, పెదాలు చప్పరించి చూసింది.

"దూడ అబద్ధం చెప్పలేదు. కాని అది మీ సముద్రం గాలి ఉప్పు కూడా కావొచ్చు కదా, అదీ చూద్దాం" అంది.

గాజు పళ్ళెంలో ఇటుకరంగు జెల్లీలాంటిది తెచ్చింది. పిల్ల చెయ్యీ నా చెయ్యీ సబ్బుతో కడిగించింది. మళ్ళీ బ్యాటరీలో పోసేలాంటి, ఉప్పన్నదే లేని శుద్ధమైన నీళ్ళతో కడిగించింది. మా ఊరి గాలి, మా మడుల ఉప్పు, అన్నీ పోయాయి. చెమట పట్టేదాకా కూర్చోబెట్టింది. వాల్తేరు ఎండలో అదెంతసేపు! నా చెయ్యి ఒక పళ్ళెంలో, పిల్ల చెయ్యి ఇంకో పళ్ళెంలో అద్దించింది. ఉప్పు తగిలినచోట రంగు తెల్లబడుతుందట.

నా పళ్ళెంలో అక్కడక్కడ ఆవగింజల్లాంటి చుక్కలు లేచాయి. పిల్ల పళ్ళెంలో అయిదు వేళ్ళూ అరచెయ్యీ మొత్తం తెల్లగా వచ్చాయి. సున్నంలో ముంచి గోడకి కొట్టినట్టు.

"దూడ నాకడం ఎవరు చూశారు?" అని అడిగింది డాక్టరమ్మ.

మా చెల్లెలు ఆ తెల్లటి చేతిగుర్తు మీంచి చూపు తిప్పలేదు. "మా అన్నియ్య సూసినాడండి. సెప్పినాడు. నాను నమ్మలేదు" అంది.

నేను గెలిచానని గంతేయాల్సిన సమయమది. గంతు రాలేదు. ఎందుకంటే డాక్టరమ్మ జబ్బు పేరు చెప్పి, ఆ పేరు వెనక ఏముందో కూడా చెప్పింది. సిస్టిక్ ఫైబ్రోసిస్. సిగరెట్టు పెట్టె మీద రాయించుకున్నాను. మన పిల్లలకి రాదని పుస్తకాల్లో ఉంటుందట. "ఆ పుస్తకం రాసినవాళ్ళు మీ ఊరు రాలేదు కదా" అంది. మీరూ మీ ఆయనా చుట్టాలా అని చెల్లెల్ని అడిగింది. మేనరికమని చెబితే తలూపింది. తల్లి దగ్గరా తండ్రి దగ్గరా చెరో సగం దాగి ఉంటే, రెండూ కలిసినచోట పిల్లకి వస్తుందట.

"ఊపిరితిత్తుల్లో ఉండాల్సిన పల్చటి తడి ఈ పిల్లలకి బంకలా గట్టిపడుతుంది" అంది.

నేను మాట తప్పి నోరు తెరిచాను. "పనసకాయ కోస్తే చేతికి పట్టుకునే పాలలాగ అండీ?"

"సరిగ్గా అదే. గాలిలో క్రిములు మీకూ నాకూ కూడా వెళ్తాయి. మనం తెలియకుండానే తుడిచి పారేసుకుంటాం. పిల్లకి అవి ఆ బంకలో చిక్కుకుని కాపురం పెడతాయి. ముందు ఒక రకం వస్తుంది. మందులిస్తే తగ్గుతుంది, మళ్ళీ వస్తుంది. తరవాత ఇంకో రకం, పచ్చరంగుది, మొండిది. అది గూడు కట్టిందంటే పూర్తిగా కదలదు."

నాలుగు రోజులు సత్రంలో ఉన్నాం. పిల్ల కళ్ళెని సీసాలో పట్టి, క్రిముల్ని పెంచి చూశారు. క్షయ కనబడలేదు. మొదటి రకం బాగా ఉంది. పచ్చరంగుది కూడా వచ్చింది, ఇంకా కొంచెమే. సూదులు మార్చింది. తిన్న నూనె, నెయ్యి అరగడానికి అన్నంతో వేసుకునే పొడి ఇచ్చింది. ఎండాకాలం ఉప్పు రెట్టింపు అంది. మంచం కాళ్ళవైపు ఎత్తు పెట్టి, పిల్లని బోర్లా పడుకోబెట్టి, అరచెయ్యి పుడిసిలిలా వంచి వీపు మీద తట్టడం మా ఇద్దరికీ నేర్పింది. దెబ్బ కాదు, డొల్లగా చప్పుడు రావాలి. పొద్దున ఇరవై నిమిషాలు, సాయంత్రం ఇరవై నిమిషాలు. బంక కదిలి బయటికి రావాలి. రోజూ.

"ఎన్నాళ్ళండి?" అంది చెల్లెలు.

"ఉన్నన్నాళ్ళూ."

చెల్లెలు అడిగింది తట్టడం గురించి కాదు. డాక్టరమ్మకీ తెలుసు. "నేను చదువుకున్నచోట పెద్దవాళ్ళయిన పిల్లలు కొద్దిమందే. కాని అయ్యారు" అంది.

ఇంటికొచ్చాక పళ్ళెం సంగతి అత్తకి చెప్పాను. ఏమీ కలపలేదు. ఆవిడ పొయ్యి ముందు కూర్చుని గంజి కలుపుతోంది.

"ముద్దెడితే ఉప్పగుంటారేటి, ఆ జబ్బున్న పిల్లలు?" అంది.

"అవునత్తా."

గరిటె ఆగిపోయింది. "ఆ పెద్దోడూ అలగే ఉండీవోడురా. మీ సెల్లి ఏడిసి ఏడిసి పాలిత్తంది, కన్నీళ్ళు పడి ఉప్పగున్నాడనుకున్నాను. ఎవరికీ సెప్పలేదు."

చెల్లెలు గుమ్మంలో నిలబడి విన్నది. అత్త లేచి ఉప్పుకుండలో చెయ్యి పెట్టి, గంజిలో చిటికెడు వేసి, రుచి చూసి, ఇంకో చిటికెడు వేసింది. ఆ రోజు నుంచి పిల్ల గంజిలో ఉప్పు ఆవిడే వేస్తుంది, ఇంకెవర్నీ ముట్టనివ్వదు. శనివారం దిష్టి తియ్యడం మాత్రం మానలేదు.

ఇక తట్టడం. తలకిందులుగా ఇరవై నిమిషాలు ఏ పిల్ల పడుకుంటుంది? రెండో రోజే మంచం దిగి సాలలోకి పారిపోయింది. పెయ్య వెనక దొరికింది. మా చెల్లెలు పిల్ల రెక్క పట్టుకుని తీసుకొచ్చి నా ముందు నిలబెట్టింది.

"అన్నియ్యా, నీ దగ్గిర అబద్దాలేటైనా ఉంటే ఇప్పుడు సెప్పు. ఇరవై నిమిషాలు పట్టాల."

నా జీవితంలో నన్నెవరూ అబద్ధం చెప్పమని అడగలేదు. మంచం కాళ్ళవైపు కొబ్బరిమొద్దులు ఎత్తు పెట్టి, వీపు తడుతూ మొదలుపెట్టాను. మందసలో ఒక పనసకాయ కాసింది. ఎంతంటే, దాన్ని కోయడానికి కత్తి పట్టుకుని లోపలికి వెళ్ళినవాడు దారి తప్పాడు. తొనల మధ్య సందుల్లో నడుస్తున్నాడు. కాళ్ళకి బంక పట్టుకుంది...

"అప్పుడేటైంది మావా?"

"అప్పుడు ఆడికి దగ్గొచ్చింది. నువ్వూ దగ్గు."

దగ్గింది. పడింది. చెల్లెలు బూడిద పోసిన చిప్ప పట్టుకుని, వెలుతురులోకి తీసుకెళ్ళి రంగు చూసింది. తెలుపు. ఆ రోజు తెలుపు.

అలా రెండేళ్ళు. శనివారం సాయంత్రం వెళ్ళి సోమవారం పొద్దున వచ్చేస్తాను. వారం మధ్యలో కార్డు మీద రెండు పూటల కథ రాసి పంపుతాను, చెల్లెలు తడుతూ చదువుతుంది. పోస్టుమాను మధ్యలో చదివేసి, "పనసకాయలో వాడికి పులి ఎదురైందేటండీ, నిజమేనా?" అని దార్లో అడుగుతాడు. ఆఫీసులో కూర్చుంటే నా చెయ్యి దానంతటదే పుడిసిలిలా వంగి బల్ల మీద తడుతుంది. పక్క గుమాస్తా విసుక్కుంటాడు. తడితేనే నాకు స్థిమితం. ఆపితే చెవికి పని దొరుకుతుంది.

పిల్లకి తొమ్మిదేళ్ళు నిండాయి. కొంచెం ఒళ్ళు చేసింది, బడికి వెళ్తోంది. రెండుసార్లు జ్వరమొచ్చి వాల్తేరు పరిగెత్తాం, రెండుసార్లూ తిరిగొచ్చాం. పెయ్య పెద్దదై ఎదకి వచ్చే వయసుకొచ్చింది. ఇప్పటికీ పిల్ల కనబడితే మెడ చాస్తుంది.

మొన్న శనివారం తడుతున్నాను. పనసకాయలో మనిషి ఒక తొన మీద కూర్చుని మూడోరోజు అన్నం వండుకుంటున్నాడు. పిల్ల దగ్గింది. చెల్లెలు చిప్ప వెలుతురులోకి పట్టుకెళ్ళింది. ఎప్పటికంటే ఎక్కువసేపు చూసింది. తిరిగొచ్చి నాకేసి చూసి, చిప్ప బల్ల కింద పెట్టేసింది. నేను రంగు అడగలేదు. సోమవారం వాల్తేరు డాక్టరమ్మకి ఉత్తరం రాయాలని మాత్రం అనుకున్నాను.

నా చెయ్యి ఆగిందని నాకు తెలీలేదు. వీపు మీద అరచెయ్యి పెట్టి, లోపలి గురగుర వింటున్నాను.

"ఆగిపోనావేటి మావా? ఆడు బైటికి వచ్చీసినాడా?"

"అప్పుడేనా! ఇంకా సగం కాయ కూడా దాటలేదే అమ్మీ."

"మరైతే తట్టు" అంది, మొహం దిండులోకి పెట్టుకుంటూ.

తట్టాను. వాడు పొయ్యి ఆర్పి, కత్తి భుజాన వేసుకుని, మళ్ళీ నడవడం మొదలుపెట్టాడు.